తొంభై నిమిషాలు

"కొంచెం ఎడమకి. ఇంకొంచెం. ఆఁ, వచ్చింది, వచ్చింది. ఇక అలాగే పట్టుకుని ఉండు."

మా ఇంట్లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఇలా మొదలవుతుంది. మావారు ముందుగదిలో టీవీ ఎదురుగా కూర్చుని కిటికీలోంచి అరుస్తారు. నేను మేడ మీద డిష్ అంచుని రెండు చేతులతో పట్టుకుని నిలబడతాను. డిష్‌ని గొట్టానికి బిగించే బోల్టు అరిగిపోయి రెండేళ్ళయింది. గాలి కాస్త గట్టిగా వీస్తే డిష్ తల పక్కకి తిప్పుకుంటుంది, కింద బొమ్మ ముక్కలైపోతుంది. మామూలు రోజుల్లో అది ఎవరికీ పట్టదు. మ్యాచ్ రోజు మాత్రం నేను మేడెక్కాలి. మనిషిని పిలిపిద్దామని మొదట్లో రెండు మూడుసార్లు అన్నాను. "నువ్వు పనిచేసేది ఆ డిష్ కంపెనీలోనేగా, మళ్ళీ ఇంకో మనిషెందుకు?" అన్నారు మావారు. "వదిన చెయ్యి పడితే చాలన్నయ్యా, పైనున్న ఉపగ్రహం కూడా బుద్ధిగా దారికొస్తుంది," అన్నాడు మరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఆ సాయంత్రమంతా నా మీద నాకే కోపంగా ఉంది. అత్తయ్య మాత్రం వచ్చినవాళ్ళతో "మా కోడలికి ఓపికెక్కువ" అని చెబుతుంది. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. ఓపిక ఉన్న మనిషికి ఎవరైనా పని తగ్గించగా నేను చూడలేదు.

ఇదంతా చెప్పుకుని బాధపడదామని మొదలుపెట్టలేదు. నిజం చెప్పాలంటే మేడ మీద నాకు బాధ కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉండేది. ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల పైన, గాలి కూడా లేని చోట, ఒక యంత్రం కదలనట్టే కనిపిస్తూ భూమితో పాటు తిరుగుతోంది. ఎక్కడో ఒక మైదానంలో ఎవరో బంతిని తన్నుతారు. ఆ తన్ను అంత ఎత్తుకి ఎగిరి, మళ్ళీ కిందికి దిగి, ఇన్ని ఊళ్ళలో ఇన్ని మేడల మధ్య వెతుక్కుంటూ వచ్చి నా రెండు అరచేతుల మధ్య పడుతుంది. నేను వేలెడంత జరిగితే కింద ముందుగదిలో ఇరవై రెండు మంది ఆటగాళ్ళు మాయమైపోతారు. ఆట మొత్తం నా చేతుల్లోంచే కిందికి దిగిపోతోంది, నేను మాత్రం చూడలేదు. కేబుల్ ఉన్న పక్కింటివాళ్ళకి బొమ్మ రెండు మూడు క్షణాలు ముందొస్తుంది. వాళ్ళ అరుపు వినగానే గోలు పడిందని మా ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసేది. అప్పటికి మావారు ఇంకా సోఫా అంచున ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంటారు. తెలిసి ఏం చేసుకోను, చేతులు తిమ్మిరెక్కి ఉండేవి.

నా ఉద్యోగం కూడా ఇంచుమించు ఇదే. చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని, "మ్యాచ్ రావట్లేదు" అని ఫోన్ చేసినవాళ్ళకి మ్యాచ్ రప్పించడం. ఏ లీగ్ ఏ ఛానెల్లో వస్తుందో, ఏ ప్యాక్ తీసుకుంటే ఏ కప్పు కనిపిస్తుందో, బాక్సులోని కార్డు తీసి తుడిచి మళ్ళీ ఎలా పెట్టాలో, వాన వెలిసేదాకా ఎందుకు ఆగాలో ఆరేళ్ళుగా చెబుతున్నాను. అరిచేవాళ్ళు అరుస్తారు. "ఎవరైనా మగవాళ్ళుంటే ఇవ్వండి, మీకు ఫుట్‌బాల్ గురించేం తెలుసు," అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఒక విషయంలో తప్పు చెప్పలేదు. ఆరేళ్ళలో నేను ఒక్క మ్యాచ్ కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదు. ఆఫీసులో గంటలు నావి కావు, ఇంట్లో మేడ నాది. అయినా ప్రతిసారీ ఒక చిన్న మీట నొక్కినప్పుడు లోపల ఏదో జల్లుమనేది. నేను నొక్కిన ఆజ్ఞ పైకి వెళ్ళి, ఉపగ్రహాన్ని తాకి, లక్షల బాక్సుల్లోంచి సరిగ్గా ఒక ఇంటి బాక్సునే పోల్చుకుని దాన్ని తెరుస్తుంది. ఇంత పని నా చిటికెన వేలు చేయగలదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఫోన్ చేసింది.

"తల్లీ, మా టీవీలో ఫుట్‌బాల్ రావాలంటే ఏం చెయ్యాలి?"

నంబరు అడిగి చూశాను. ఆ ఇంటికి క్రీడల ప్యాక్ పోయిన ఏడాదిదాకా ఉంది, తర్వాత తీయించేశారు.

"మా ఆయన పోయాక మా వాడు తీయించేశాడమ్మా. ఇంక చూసేదెవరన్నాడు."

"మరి ఇప్పుడెవరు చూస్తారమ్మా?"

"నేనే," అంది. కాస్త సిగ్గుపడినట్టుంది. "నలభై ఏళ్ళు వంటింట్లోంచి విన్నాను. ఆయన అరుపుని బట్టి చెప్పేసేదాన్ని, గోలు పడిందా తప్పిందా అని. నువ్వు నమ్మవు గానీ ఎవరి కాలికి దెబ్బ తగిలిందో కూడా చెప్పేదాన్ని. ఒక్కసారీ కూర్చుని చూడలేదు. అదెలా ఉంటుందో చూద్దామని."

ప్యాక్ కలిపాను. ఛానెల్ నంబరు చెప్పాను. బాక్స్ ఆపకుండా ఉంచమని చెప్పి మీట నొక్కాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందనుకున్నాను.

"అమ్మా, వచ్చిందా?"

"ఉష్," అంది. మళ్ళీ కాసేపటికి, "ఇంత పచ్చగా ఉంటుందా?"

ఫోన్ పెట్టేయాలి. మాకు ఒక్కో కాల్‌కి ఏడు నిమిషాలే. పెట్టలేకపోయాను. ఆవిడ చూస్తూ చెబుతోంది, నేను వింటున్నాను. "ఆ చివర ఒక కుర్రాడున్నాడు తల్లీ. వాడి దగ్గరికి బంతి ఇంతవరకూ రాలేదు. అయినా ఆగకుండా ఉరుకుతూనే ఉన్నాడు. బంతి లేకుండా వీళ్ళంతా ఎక్కడికే పరుగు?"

నాకు తెలియదన్నాను. ఆరేళ్ళలో ఒక కస్టమర్‌తో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

మా టీమ్ లీడర్‌ని మేము గడియారం అంటాం. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఇరవై ఆరు నిమిషాలు మేడమ్. కబుర్లా?"

"మ్యాచ్ చూపిస్తున్నాను సార్."

"ఆవిడకి ఎప్పుడో వచ్చేసిందిగా. ఇంకెవరికి?"

ఆవిడకి చెప్పి లైను పెట్టేశాను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇంటిదాకా నాతో వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకేం కావాలో ఆలోచించాను. చాలా పెద్ద కోరికేదో బయటపడుతుందని భయపడ్డాను. తీరా చూస్తే తొంభై నిమిషాలు. నా ఇంట్లో, ముందుగదిలో, కూర్చుని, ఒక్క మ్యాచ్. ఇంత చిన్నదాన్ని ఇన్నాళ్ళూ కోరికని కూడా గుర్తుపట్టలేదు. అది చిన్నది కాదని, పెళ్ళయ్యాక ఆ గదిలో నేను పది నిమిషాలు కూడా ఏకధాటిగా కూర్చోలేదని మా స్టాపు వచ్చేసరికి తెలిసింది.

శనివారం సెలవు పెట్టి, ఎవరైనా కస్టమర్ చేసినట్టే మా కంపెనీకే ఫోన్ చేశాను. టెక్నీషియన్ వచ్చాడు. మేడెక్కి, పాత బోల్టు ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఈ ఒక్కదానికేనా అమ్మా? ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

మెట్ల మీదనుంచి అత్తయ్య గర్వంగా అంది: "మా కోడలు పట్టుకునేది."

"మ్యాచ్ అంతసేపూనా?"

అత్తయ్య నా చేతుల వైపు చూసింది. అతను కొత్త బోల్టు పెట్టి స్పానర్ నాలుగు తిప్పులు తిప్పాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం ఫైనల్. వంట, గిన్నెలు పొద్దున్నే ముగించాను. ముందుగదిలో నాకంటూ ఒక కుర్చీ లేదని అప్పుడే గమనించి, బట్టలు మడతపెట్టి పడేసే కుర్చీని ఖాళీ చేసి తెచ్చుకున్నాను. సోఫాలో మావారు, మరిది. పక్కన తన కుర్చీలో అత్తయ్య.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? మొదలైపోతోంది," అన్నారు మావారు.

"బోల్టు మార్పించానండీ."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"కనెక్షన్ నా పేరు మీదే ఉంది కదా."

"అయితే ఈసారి వదిన చెయ్యి లేకుండానే ఆడతారన్నమాట. ఓడిపోతే మాత్రం నీదే పూచీ వదినా," అన్నాడు మరిది. ఈసారి నేను నవ్వలేదు. అతనే కాస్త తడబడి టీవీ వైపు తిరిగాడు.

ఆట మొదలైంది. దాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. నేను బంతిని చూస్తాననుకున్నాను. కాసేపటికే బంతి కళ్ళలోంచి జారిపోయింది. దానికి దూరంగా, అవతలి అంచున, ఒకడు ఉన్నట్టుండి పరిగెత్తడం మొదలుపెట్టాడు. వాడి వెంట ఇద్దరు పరిగెత్తారు. ఆ ఇద్దరూ వదిలేసిన చోట ఒక ఖాళీ తెరుచుకుంది. ఆ ఖాళీలోకి ఇంకెవరో బంతితో వచ్చి గోలు కొట్టాడు. మావారు, మరిది లేచి గంతులేశారు. అందరూ గోలు కొట్టినవాడి మీద పడ్డారు. నేను మాత్రం అవతలి అంచున ఒంగి మోకాళ్ళు పట్టుకుని ఎగరొప్పుతున్న వాడినే చూస్తున్నాను. వాడు బంతిని తాకనైనా లేదు. ఆ తలుపు తీసింది వాడే. ఇన్ని లక్షల మంది చూస్తుండగా ఇంత స్పష్టంగా జరిగిన విషయం ఎవరికీ కనపడలేదు. ఏడుపొస్తుందేమోననుకున్నాను, రాలేదు. ఒక కొత్త దేశం ఒడ్డున దిగినట్టుంది.

నలభై అయిదు నిమిషాలూ ఒక్క ఊపిరిలా అయిపోయాయి. ఈల మోగింది. ఆటగాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు, ప్రకటనలు మొదలయ్యాయి. మరిది ఒళ్ళు విరుచుకుంటూ వాకిట్లోకి వెళ్ళాడు. ముగ్గురం మిగిలాం. నా కాళ్ళు వాటంతటవే నేల మీద ఆనుకుని లేవడానికి సిద్ధమయ్యాయి. ఇన్నేళ్ళ అలవాటు, నన్ను అడగవు. వాటిని ఆపడానికి రెండు చేతులతో కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.

సోఫా మీదున్న రిమోట్ తీసుకున్నాను. మా దగ్గర ఒక ఛానెల్ ఉంది, దాన్ని ఇంతవరకూ ఏ కస్టమరూ అడగలేదు. మాటలుండవు, ప్రకటనలుండవు. మైదానం పైన ఒకే చోట బిగించిన కెమెరా. అది పెట్టాను.

"ఏముంది అందులో?" అన్నారు మావారు. "సరే గానీ, టీ పెట్టు."

"మ్యాచ్ చూస్తున్నానండీ."

"ఇప్పుడు మ్యాచ్ ఎక్కడుంది? విరామం కదా."

"అవునండీ," అన్నాను. "నాక్కూడా."

ఆయన అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య లేవబోయినట్టే కదిలింది. లేవలేదు, కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది. "అంత చోటుందా అమ్మాయ్," అంది ఖాళీ మైదానాన్ని చూస్తూ నెమ్మదిగా. మైదానం మధ్యలో ఒకే ఒక్క మనిషి, లేచిపోయిన గడ్డి పెళ్ళల్ని వెతుక్కుంటూ, ఒక్కోదాన్నీ పాదంతో మెల్లగా అదుముకుంటూ పోతున్నాడు. అతని చుట్టూ ఎటు చూసినా పచ్చదనమే. పక్కన సోఫా కిర్రుమంది. కాసేపటికి వెనక వంటింట్లో ఏదో గిన్నె చప్పుడైంది. ఎవరా అని నేను తిరిగి చూడలేదు.