ఒక్క తలకు ఇద్దరి కొప్పులు

వీరేశం సారు నల్గొండ కాలేజీల చరిత్ర చెప్పి రిటైరైనంక రోము రాణుల మీద మనసు పడ్డడు. అంటే, వాళ్ల మొఖాలున్న వెండి నాణేల మీద. చక్రవర్తుల నాణేలు ఊరికే ఇస్తమన్నా తీసుకోడు. రాణులు మాత్రం ఇప్పటికి నలుగురు చేరిన్రు, ఆయన బీరువాల, దూది పరిచిన డబ్బాల.

ఒకనాడు పొద్దుగాల మక్తల్ నుంచి నవీన్ అనే ఆయన బస్సు దిగి వచ్చి, రుమాలు ముడి విప్పి నాణెం చేతుల పెట్టిండు.

"మా తాత పెట్టెల దొరికింది సార్. నచ్చకుంటే చెప్పున్రి, హైదరాబాదుల అమ్ముకుంట" అని ఎదురు హోటల్ల పోయి కూసున్నడు.

సారు భూతద్దం పెట్టిండు. ఫౌస్టీనా! రోముల తల్లికీ బిడ్డకూ అదే పేరు, ఇద్దరూ రాణులే. తల్లి జడ అల్లి నడినెత్తిన చుట్టుకునేది. బిడ్డ మెడ మీదికి కొప్పు వేసేది. ఈ నాణెం మీద నెత్తిన జడ చుట్టా ఉంది, మెడ మీద కొప్పూ ఉంది! సారు నాణెం పట్టుకుని వంటింట్లకు ఉరికిండు.

"రమా! గిసొంటిది ఏ పుస్తకంల లేదు. ఇగ నా పేరు పుస్తకాలకెక్కుతది!"

వంకాయలు కోస్తున్న భార్య తల ఎత్తలేదు. "జుట్టు సంగతే గద? కింద ఉమేరానడుగరాదున్రి?"

కింది వాటాల కిరాయికున్న ఉమేరాది బ్యూటీ పార్లర్.

"రోము చరిత్ర పార్లర్ల అడగాల్నా?"

"చరిత్ర వద్దు. జడ అడుగున్రి."

రమ వెంట రాగా, 'ఆడవాళ్లకు మాత్రమే' అన్న బోర్డు ముంగట నిలబడి సారు రెండుసార్లు దగ్గిండు. లోపలికి పోయేసరికి కుర్చీల ఉన్నామె ఒక కనుబొమ్మ అయిపోయి, ఇంకోటి మిగిలి, కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది.

ఉమేరా నాణెం అటూ ఇటూ తిప్పింది.

"సార్, ముంగటి జుట్టంతా ఎనక కొప్పులకే వోయింది. మరి గీ పైన జడ ఎక్కడికెల్లి వచ్చింది?"

"పద్దెనిమిది వందల ఏండ్ల నాణెం గదమ్మా, అరిగింది."

"అరిగితే జుట్టు తగ్గాలె సార్. పెరుగుతదా?"

సారు నాణెం గుంజుకుని మళ్లొకసారి చూసిండు. "సవరం పెట్టిందేమో!" అన్నడు.

ఉమేరా రమను పక్క కుర్చీల కూసోబెట్టింది. జుట్టంతా ఎనక్కి దువ్వి కొప్పు వేసింది. నెత్తి మీద సవరం చుట్టి పిన్నులు గుచ్చింది.

"అమ్మా, జర తల ఊపున్రి."

రమ తల ఊపలేదు, నవ్వింది. అంతే, సవరం జారి వచ్చి సారు కాళ్ల మీద పడ్డది. సగం కనుబొమ్మలామె కొంగు తీసేసి మరీ నవ్వింది.

"తల్లి జడ, బిడ్డ కొప్పు ఒక్క తలకు అతికిచ్చిన్రు సార్. చేసినోనికి జడ అల్లుడు రాదు."

సారు మొఖం మాడిపోయింది. నాణెం పట్టుకుని హోటల్‌కు పోయేసరికి నవీన్ రెండో ప్లేటు వడలు తింటున్నడు. సారు కోపం దిగమింగి మెల్లగ అడిగిండు:

"మీ తాత ఏం పని చేస్తుండె?"

"వెండి పని సార్" అన్నడు నవీన్. అని, నాలుక కరుచుకున్నడు.

"మంచి పనోడే" అని సారు నాణెం రుమాల మీద పెట్టిండు. నవీన్ వడ అక్కడ్నే ఇడిచిపెట్టి, నాణెం రుమాల్ల ముడేసుకుని బస్టాండు దారి పట్టిండు.

ఆ సాయంత్రం పానగల్‌ల చుట్టాలింట్ల నిశ్చితార్థం. పోయే ముందు ఉమేరా సారు పుస్తకంల బొమ్మ చూసి, తల్లి ఫౌస్టీనా లెక్కనే రమకు జడ అల్లి నడినెత్తిన చుట్టింది. ఆడోళ్లంత రమ సుట్టు మూగిన్రు. సారు గొంతు సవరించుకుని, ఆ రాణి ఎవరో, ఏ చక్రవర్తి భార్యో, ఎట్ల చనిపోయిందో, అంతా చెప్పిండు. ముప్పై ఏండ్ల కొలువుల ఆయన పాఠం ఎవరూ అంత కదలకుండ వినలేదు.

"ఏమన్న అడిగేదుందా?" అన్నడు, కండ్లల్ల నీళ్లు తిరుగుతుంటే.

"ఉంది సార్" అన్నది పెండ్లిపిల్ల. "పార్లర్ నంబరు చెప్పున్రి."