బాన కింది తప్పెట

మళ్లీ జారింది బిరడా, ఈ ఎండలకు కొయ్య బిగుసుకోదు, తంతి నిలవదు, ఇందాకే కదా తిప్పాను, ఇంత పెద్ద ఫిడేలును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని దాని మెడకు చెవి ఆనించి మీటుతున్నాను, ఇంకా పైకి, ఇంకొంచెం, ఆ, అక్కడ, నీకీ చెవి ఎవరిచ్చారు జీవమ్మా అని మాకు నేర్పే దొరసానమ్మ ఎప్పుడూ అడుగుతుంది, ఎవరిస్తారు, కొర్రగడ్డి మంట మీద తప్పెట కాచి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా పచ్చిగా ఉండాది పాపా అనే మా నాయన ఇచ్చాడు, ఆయన ఒళ్లో కూర్చుని ఆయనకన్నా ముందు నేనే చెప్పేదాన్ని, ఇప్పుడు పలికింది నాయనా అని.

మా మిషను గుడి నిండా జనం, కర్నూలు రాజధాని అయ్యాక డేరాల్లో దిగిన ఆఫీసర్లంతా ముందు బెంచీల్లో విసనకర్రలు ఊపుకుంటున్నారు, మధ్యలో మద్రాసు పెద్దమనిషి, ఆయనకు నచ్చితే మా నలుగుర్నీ తీసుకుపోయి సంగీతం చదివిస్తారంట, మా పాదిరి అయ్యగారు ఒక్కొక్కర్నీ చూపించి వీళ్లకు సంగీతం ఎట్లా వచ్చిందో చెబుతున్నాడు, కృష్ణవేణమ్మ తాత కడప కచేరీల్లో ఫిడేలు వాయించినవాడు, నిజమే, కింద కూర్చుని వాయించే అలవాటు పోక గడ్డం కింద పెట్టుకోమంటే ఏడ్చింది, దస్తగిరి తాత ఊరి దేవళంలో సన్నాయి ఊదుతాడు, ఆయన రాందే దేవుడి పల్లకీ కదలదు, బసవరాజు తల్లి భజన జట్టుకు హార్మోనీ, అందరూ తలలూపుతున్నారు, మంచిది, వాళ్లవి చెప్పుకోదగ్గ ఇళ్లు, తాళం తప్పితే మాత్రం ముగ్గురూ చూసేది నావైపే.

నాయన చివర, తలుపు పక్కన, బేతంచెర్ల నుంచి బండల లారీ ఎక్కి వచ్చాడు, తల కడిగినా ఆ తెల్ల దుమ్ము చెవుల వెనక అట్లాగే ఉంది, బండలు కొట్టే చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు, ఆ చేతులు అంత నెమ్మదిగా ఉంటే నాకు భయం, మా అవ్వను పూడ్చిన రోజు కూడా అట్లాగే పెట్టుకున్నాడు, ఊళ్లో ఏ పీనుగ లేచినా ముందు నడిచిన తప్పెట ఆయనది, కన్నతల్లికి మాత్రం లేకపోయింది, అప్పటికే బాప్తిస్మం తీసుకున్నాం, మిషను గుళ్లో చేరేటప్పుడు తప్పెట దించాలి, అది వాడుక, దయ్యాల కొలువుల్లో కొట్టింది కదా అంటారు, నాకు పాలపళ్లు ఊడే వయసు, పీఠం ముందు తప్పెట పెట్టించి సంఘపెద్ద కత్తితో తోలు చీల్చాడు, చీలేటప్పుడు కూడా అది పలికింది, ఆ శబ్దం ఇంకా నాలో ఉంది, లోపలికి మారెన్నగా పోయిన నాయన ఆనందంగా బయటికి వచ్చాడు, కొత్త పేరైతే ఆనందం, తోలు పోయిన చట్రాన్ని అమ్మ నీళ్ల బాన కింద కుదురుగా పెట్టుకుంది, నీళ్లు ముంచినప్పుడల్లా నాయన అటు చూడడు.

నిన్న నేను అయ్యగారి కాళ్లావేళ్లా పడ్డాను, అందరి పెద్దల పేర్లూ చెబుతారు కదా, మా నాయన పేరు ఒక్కమాట చెప్పండి, నాకు తాళం ఆయన దగ్గరే వచ్చింది, ఆ ఒక్కమాటకే ఆయన్ను పిలిపించుకున్నాను అంటే, ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా, మీ నాయన ఒట్టేసి ఇడిసినాడు, మళ్లా తవ్వితే నీకే చేటు, మద్రాసు పోతావో పీనుగల ముందర పోతావో ఆలోచన చేసుకో అన్నాడు, అయినా పొద్దున నాయనతో గొప్పగా చెప్పాను, నీ పేరు చెప్పిస్తా, చూస్తాండు అని, నాయన నవ్వాడు, ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు.

నా వంతు వచ్చింది, ఈ బిడ్డ ఇంట్లో సంగీతమే ఎరగరు, అంతా మిషను దయ అంటున్నాడు అయ్యగారు, అయిపోయింది, ఒక్కమాట కూడా లేదు, కానీ మద్రాసు పెద్దమనిషి ముందుకు వంగి నన్నే అడుగుతున్నాడు, నువ్వు తంతి సర్దుకోవడం చూశానమ్మా, ఆ చెవి ఊరికే రాదు, మీ ఇంట్లో ఎవరూ వాయించరా, దేవుడా, అడిగాడు, నోరు తెరిచాను, మా నాయన అనబోయాను, అంతలో బెంచీ కిర్రుమంది, నాయన లేచి నిలబడ్డాడు, లేదు సామీ, నేను పాప నాయన్ను, మా ఇంట్లో సంగీతం యాడిది, బండలు కొట్టుకునేటోళ్లం, పాపకు దేవుడే ఇచ్చినాడు, అని చేతులు జోడించాడు, ఎక్కడా తడబడలేదు, లారీలో దారిపొడుగునా వల్లె వేసుకున్నట్టుంది ఆ మాట, ముందు బెంచీల్లో మెచ్చుకున్నారు, అయ్యగారు నవ్వాడు, నా నోరు ఇంకా తెరిచే ఉంది.

నాయన కూర్చున్నాడు, నావైపు తల ఊపాడు, తప్పెట కాగినాక జట్టుకు ఇట్లాగే ఊపేవాడు, ఇంక కొట్టండప్పా అని, నా కోసమే చేశాడు, నా మద్రాసు కోసం, నాయనా ఎంత పని చేశావు, ముగ్గురూ ఫిడేలు కమాన్లు ఎత్తి నా తాళం కోసం చూస్తున్నారు, నేనూ ఎత్తాను, మద్రాసులో అడుగుతారు, ఎక్కడికి పోయినా అడుగుతారు, నీకు సంగీతం ఎవరిచ్చారు అని, నిజం చెబితే మా నాయన గుడిలో చేతులు జోడించి అబద్ధమాడాడని నేనే చాటినట్టు, ఇంక బతికినన్నాళ్లూ నేను కూడా అదే చెప్పాలి, మా ఇంట్లో సంగీతం లేదని.