దొరసాని పడకగది

పంజరం అడుగు తుడవడం పూర్తయ్యేసరికి అతని మోకాళ్ళు పట్టేశాయి. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, బస్సు సీట్ల రెక్సిన్‌తో కుట్టి నిన్న సాయంత్రం తాను వేలాడదీసిన చిన్న గుడిసెను మెల్లగా బయటికి లాగాడు. దాని పైకప్పంతా తెల్లటి రెట్టలు. లోపల మాత్రం కొత్త బస్సులా మెరుస్తోంది. రాత్రంతా ఆ పిట్ట మహాతల్లి దాని నెత్తిమీద కూర్చుందే తప్ప లోపలికి తొంగి కూడా చూడలేదని అర్థమైంది.

"అది బస్సెక్కదయ్యా," అంది అత్తగారు మంచం మీది నుంచి.

అతను గుడిసెను కుళాయి కింద పెట్టి పీచుతో రుద్దాడు. రెండు సాయంత్రాలు కూర్చుని కుట్టాడు దాన్ని. అంచుల్లో సన్నటి ఫోము పెట్టాడు. దారాలు పైకి తేలి పిట్ట గోళ్ళకు చిక్కుకోకుండా కుట్టు మీద కుట్టు వేశాడు. దానికంటే ముందు చేసిన అట్టపెట్టె తెల్లారేసరికి పీలికలైపోయింది. అట్టపెట్టె పోయినందుకు అతనికి బాధ కలగలేదు. ఇది మాత్రం మనసుకు తగిలింది.

ఆ పిట్ట అత్తగారిది. బూడిదరంగు ఒళ్ళు, పసుపుపచ్చ తల, బుగ్గల మీద నారింజరంగు చుక్కలు, నెత్తిన నిక్కపొడుచుకునే చిన్న కుచ్చు. ఆ కుచ్చూ ఆ నడకా చూసి ఎవరో దొరసాని అన్నారు, అదే పేరైపోయింది. అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని కూతురి దగ్గరికి వచ్చినప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఈ పంజరం వెంట తెచ్చుకుంది. ఇంట్లో ఉన్న ఒక్క పడకగదీ ఆవిడకిచ్చి, అతనూ భార్యా ముందుగదికి మారారు.

ఈమధ్య ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. రాత్రిళ్ళు లేచి కూర్చుంటుంది, మందు పొయ్యాలి, వీపు నిమరాలి. అందుకని గదిలో దీపం ఆర్పడం లేదు. మంచం దగ్గర ఎవరు కదిలినా గోడ మీద పెద్ద నీడ కదులుతుంది. దొరసాని హడలిపోయి పంజరమంతా కొట్టుకుంటుంది. రెక్క ఈకలు విరిగి, ఊచలకు నెత్తురు అంటుకున్న రోజులున్నాయి. రాత్రి నిద్ర లేక పగలంతా అరుపులు. దాని అరుపులకు ఆవిడకు పగటి నిద్ర కూడా లేదు. పంజరం మీద దుప్పటి కప్పుదామంటే దొరసాని ఇంకా బెదిరింది. ఆవిడేమో పిట్ట కనబడకపోతే తనకు ఊపిరాడదంది. పిట్టల దుకాణంవాడు విషయం విని, పంజరం లోపలే ఓ మూల చిన్న గూడులాంటిది వేలాడదీయమన్నాడు. దానికంటూ కాస్త చీకటి, కాస్త మరుగు ఉంటే చాలట. ఆ మాట చాలా తేలిగ్గా చెప్పాడు.

భార్య చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోంచి పిలిచింది. ఆమె ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తుంది. "వదిలెయ్యండి ఇంక. మీరు దాంతో పంతానికి పోయి డ్యూటీకి ఆలస్యం చేసుకోకండి," అంది.

"పంతం నాది కాదు, దానిది," అన్నాడు అతను, చేతులు తుడుచుకుంటూ.

అతనిది బస్సు సీట్లు బాగుచేసే పని. ఊరి చివర పెద్ద షెడ్డులో, చిరిగిన సీట్లు విప్పి, ఫోము మార్చి, కొత్త తొడుగులు కుట్టి బిగిస్తాడు. వీధిలో అందరూ సీట్లాయన అంటారు. పెళ్ళిచూపుల్లో ఈ అత్తగారే, అబ్బాయి ఏం చేస్తాడని అడిగి, జవాబు విని, అయితే మనం కూర్చునేవన్నీ ఈయన చేసినవేనన్నమాట అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అతనికి ఇప్పటికీ తేలలేదు. కొత్తల్లో ఆవిడకోసమని మెత్తటి దిండు ఒకటి కుట్టి తీసుకెళ్ళాడు. తర్వాత వెళ్ళినప్పుడు అది పక్కింటివాళ్ళ వరండాలో కుర్చీలో కనబడింది. సొంతంగా సోఫాల దుకాణం పెడతానన్నప్పుడు, ఈ వీధిలో ఎవరింట్లో సోఫా ఉందయ్యా అంది. దుకాణం ఆరునెలలు తిరక్కుండా మూతపడింది. ఆవిడ అన్నది నిజం కావడమే అతన్ని ఎక్కువగా కాల్చింది. మళ్ళీ షెడ్డులో చేరి, ఇక అక్కడే జుట్టు నెరిసింది.

ఆవేళ షెడ్డుకు వెళ్ళేసరికి ఓనరు గేటులోనే ఉన్నాడు. సాయంత్రానికి బయల్దేరాల్సిన దూరప్రయాణం బస్సు ఒకటి లోపలుంది, డ్రైవరు సీటు కుంగిపోయింది, వెనక వరస మొత్తం చిరిగింది. నువ్వొచ్చేదాకా బస్సు నీకోసం ఆగుతుందా అని అడిగాడు ఓనరు. అతను తలవంచుకుని లోపలికెక్కాడు.

ఆ రోజు ఏదీ కలిసిరాలేదు. డ్రైవరు సీటు విప్పితే అడుగున ఇనుప చట్రం విరిగి ఉంది, వెల్డరు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. వెనక వరసకు కుడుతుంటే వంకర సూది ఫోములోనే విరిగింది. ఆ ముక్క దొరకబుచ్చుకోవడానికి అంతా మళ్ళీ విప్పాడు. వదిలేస్తే ఎవరో ఒకరి తొడలో దిగుతుంది. కూర్చునేముందు సీటు వైపు చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. చూడకుండా కూర్చున్నారంటే సీటు బాగున్నట్టు. అదే ఈ పనిలో వచ్చే మంచిపేరు, అది కూడా పైకి వినబడని పేరు.

పాత తొడుగుల కుప్పలో గోధుమరంగు మఖమల్ గుడ్డ ఒకటి కనబడింది. అరిగి మెత్తబడింది. రెక్సిన్ లాగా జారదు, మెరవదు. ఓనరును అడిగితే, పాతగుడ్డకూ గిరాకీ ఉందని గొణిగి, చివరికి తీసుకో పో అన్నాడు. భోజనాల వేళ అందరూ డబ్బాలు విప్పుకుంటే అతను మిషను ముందు కూర్చున్నాడు. ముందువైపు తెరిచి, వెనక మూసి, పైన రెండు కొక్కేలకు తగిలించేలా చిన్న డేరా కుట్టాడు.

వెల్డరు నోట్లో ముద్ద పెట్టుకుంటూనే వచ్చి చూశాడు. "పిట్టకి స్లీపర్ కోచా అన్నా? కిటికీ పక్కన ఇస్తున్నావా?"

"ఇస్తాను. టికెట్టు నీ దగ్గర తీసుకోమంటాను," అన్నాడు అతను. ఆ పూటకు నవ్వింది అప్పుడొక్కసారే.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. పగలు అత్తగారిని కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ, ఇవాళ సరిగ్గా తినలేదనీ, మధ్యాహ్నం నుంచి ఊపిరి బరువుగా తీస్తోందనీ చెప్పి వెళ్ళింది. అతను కాళ్ళు కడుక్కుని, ఆవిడ వీపు కింద చెయ్యి పెట్టి లేపి, దిండ్లు సర్ది కూర్చోబెట్టాడు. బస్తా ఎత్తినట్టు ఎత్తకు అంది ఆవిడ, రోజూ అన్నట్టే, కానీ మాటకూ మాటకూ మధ్య చాలా ఊపిరి తీసుకుంది. డాక్టరుకు కబురు చెయ్యనా అని అడిగాడు. మొన్న వచ్చినాయన చెప్పింది చాలదా, వద్దంది. మొన్న వచ్చినాయన చెప్పిందేమిటో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ దాని ఊసెత్తడం లేదు.

అతను పంజరం తలుపు తీసి మఖమల్ డేరాను మూలకు తగిలించాడు. దొరసాని కుచ్చు నిక్కించి, ఒళ్ళు సన్నగా చేసుకుని, బుసకొట్టింది. రెండు గింజలు డేరా గుమ్మంలో పెట్టాడు. అది ఆ చివరికి పోయింది. బుజ్జగిస్తూ వేలు చాపి, ఎక్కించుకుని డేరా వైపు తీసుకెళ్ళాడు. గుమ్మం దాకా వచ్చి, అతని వేలి కణుపు దగ్గర ముక్కుతో గట్టిగా పట్టింది. నెత్తురొచ్చింది.

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. డేరాను కొక్కేల నుంచి పీకి నేలకు కొట్టాడు.

"నేను చేసింది మీకు ఎప్పుడైనా ఒక్కటి నచ్చిందా అత్తయ్యా?" అన్నాడు. "ఒక్కటి. ఇన్నేళ్ళలో. ఆఖరికి పిట్టకి కూడా మీ బుద్ధే నేర్పారు."

అన్న వెంటనే, ఊపిరందని మనిషితో అనాల్సిన మాటా ఇది అనుకున్నాడు. అయినా వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. స్టూలు మీద కూర్చుని వేలు నోట్లో పెట్టుకున్నాడు. దొరసాని రెండుసార్లు అరిచి ఊరుకుంది.

ఆవిడ చాలాసేపు పంజరం వైపే చూసింది.

"దానికి కోపం కాదు," అంది చివరికి. "భయం. ఎంతమంది కూర్చున్న గుడ్డయ్యా అది. అన్నీ తెలియని వాసనలు."

అతను నేల మీది డేరాను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆవిడ ఒంటి మీది దుప్పటిని వేళ్ళతో కొద్దిగా ఎత్తింది. నీలం చారలు వెలిసిపోయిన నూలు దుప్పటి. తన ఇంట్లో ఉన్న రోజుల్లో ప్రతి పొద్దునా పంజరం తలుపు తీస్తే దొరసాని తిన్నగా వచ్చి ఈ దుప్పటి మీదే పచార్లు చేసేదని, మడతల్లో దూరి కునుకు కూడా తీసేదని, విడివిడి మాటల్లో చెప్పింది. దీన్ని కత్తిరించమంది.

కొత్త గుడ్డ తెస్తాను, లేకపోతే ట్రంకులో మీ పాత చీర ఏదైనా చూస్తానన్నాడు అతను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పోనీ కొసన కాస్త తీస్తానన్నాడు.

"కొస గరుగ్గా ఉంటుంది. మధ్యలో తియ్యి. అక్కడే మెత్తన."

"దుప్పటి పాడైపోతుంది అత్తయ్యా."

"నీ దుప్పటా?"

అతను కత్తెర తెచ్చాడు. ఆవిడ మోకాళ్ళ మీద గుడ్డను చదును చేసి, చేత్తో కొలత చూసుకుని, పలకలా నాలుగుపక్కలా కత్తిరించాడు. అంత పాత గుడ్డ కత్తెర కింద చప్పుడు కూడా చెయ్యలేదు. మఖమల్ డేరా కుట్లు కొన్ని విప్పి, ఆకారం చెడకుండా, లోపలా బయటా ఈ గుడ్డ వేసి, మంచం పక్కనే కూర్చుని చేత్తో కుట్టాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురు తగ్గుతోంది. ఆవిడ అతని చేతినే చూస్తూ పడుకుంది. కొరికిన వేలు నొప్పి పుట్టి, ఒకచోట సూది తప్పింది.

"ఆ పక్క కుట్టు వంకరపోయింది," అంది.

"పోలేదు."

"పోయింది."

చూస్తే నిజంగానే పోయింది. పళ్ళు బిగబట్టి, ఆ జానెడూ విప్పి మళ్ళీ కుట్టాడు. తగిలించాడు. దొరసాని ఈసారి బుసకొట్టలేదు. అలాగని కదలనూ లేదు. అతను పంజరానికి ముఖం ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు పోలీసులా ఎదురుగా నిలబడితే అదెలా వెళుతుందయ్యా?" అంది ఆవిడ. "అవతలికి పో. నేను చూస్తుంటాను."

దీపం వేసి, తలుపు దగ్గరికి వేసి, అతను వంటింట్లోకి వెళ్ళాడు. పాలు పొయ్యి మీద పెట్టాడు. అరుపు ఎప్పుడొస్తుందా అని చెవి అటే వేసి నిలబడ్డాడు. పాలు పొంగాయి, దించాడు. అరుపు రాలేదు. రెక్కల టపటప లేదు. లోపలికి వెళితే చెడగొట్టినట్టవుతుందని, గ్లాసులో పాలు చల్లారేదాకా అక్కడే తచ్చాడాడు. చాలాకాలం తర్వాత లోపల ఏదో సంతోషం లాంటిది కదిలింది. పైకి కనబడనివ్వకూడదనుకున్నాడు.

మునివేళ్ళ మీద వెళ్ళి తలుపు తోశాడు. పంజరం మూల గూట్లోంచి పొడుగాటి బూడిదరంగు తోక కొన ఒక్కటే బయటికి కనబడుతోంది. దీపం వెలుగుతున్నా, గోడ మీద అతని నీడ పాకినా, ఆ తోక కదలలేదు.

"అత్తయ్యా," అన్నాడు గుసగుసగా.

ఆవిడ ముఖం పంజరం వైపే ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఏదో ఒక వంక పెడుతుందని పాలగ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తోక బయటికి ఉంది, గూడు పొట్టిగా కుట్టావు అంటుంది. అంటుందనే అనుకున్నాడు. దుప్పటి కిందికీ పైకీ కదలడం లేదని గమనించడానికి అతనికి కొంతసేపు పట్టింది.

భార్య ఇంటికి వచ్చేసరికి అతను స్టూలు మీదే ఉన్నాడు. చప్పుడు చెయ్యొద్దన్నట్టు చెయ్యెత్తాడు. దొరసాని పడుకుందని చెప్పాడు. తర్వాత, మీ అమ్మ అన్నాడు, మిగతాది అనలేకపోయాడు. ఆమె తల్లి పాదాల దగ్గర కూర్చుని, ఇన్నాళ్ళ అలవాటుకొద్దీ గొంతు పెరగకుండా ఏడ్చింది.

ఆ తర్వాత దొరసాని రోజూ పొద్దు గుంకగానే, ఎవరూ చెప్పకుండా, తన గూట్లోకి నడిచి వెళ్ళి పడుకుంటోంది. ఇప్పుడా గదిలో దీపం ఉండదు. అయినా వెళుతుంది. అతనికి మాత్రం ఒక్కటే మింగుడుపడటం లేదు. అది లోపలికి వెళ్ళడం ఆవిడ చూసిందా, చూడకముందే పోయిందా? చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

"చూసే ఉంటుంది లెండి," అంది భార్య.

"నువ్వు చూశావా?" అని విసుక్కున్నాడు అతను. షెడ్డుకు టైమైంది.

భార్య ఆ దుప్పటిని ఉతికి బాల్కనీ తాడు మీద ఆరేసింది. ఎండి ఎన్నాళ్ళో అయింది, ఇద్దరిలో ఎవరూ దాన్ని తీసి మడతపెట్టలేదు. గాలి వీచినప్పుడల్లా నీలం చారల నడుమ ఆ నలుచదరపు కంత విచ్చుకుని, ఎదుటి మేడ గోడ ముక్కొకటి కనబడుతుంది. అంచు మడిచి కుట్టకపోవడంతో చుట్టూ దారాలు ఒక్కొక్కటే ఊడి వేలాడుతున్నాయి.