గేజి దిగిన లోతు

చిలకలూరిపేట దగ్గర ఓ జిన్నింగు మిల్లు ముందు కూలీలు సమ్మె చేస్తుంటే పోలీసులు కాల్పులు జరిపారు. దానయ్య అనే దూదిబేళ్ల కూలీ రొమ్ములో తూటా దిగి చనిపోయాడు. కాల్చినవాడు కోటిలింగం అనే కానిస్టేబులు. జనం తలల మీదుగా గాలిలోకే కాల్చాననీ, మిలిటరీవాళ్లు వాడి వదిలేసిన పాత తుపాకీ కాబట్టి గురి తప్పిందనీ అతను వాంగ్మూలం ఇచ్చాడు.

ఆ తుపాకీ పరీక్షకు జక్రయ్య దగ్గరికి వచ్చింది. యుద్ధకాలంలో బర్మా సరిహద్దున తుపాకులు బాగుచేసిన జక్రయ్య, ఇప్పుడు పోలీసు ఆయుధాల కొట్లో అదే పని చేస్తున్నాడు. నంబరు చూడగానే గుర్తుపట్టాడు. ఆర్నెల్ల కిందట అది పనికొస్తుందని సంతకం పెట్టింది తనే. ఆ పూట నలభై తుపాకులు చూడాల్సి వచ్చి, దీనికి గొట్టం అరుగుదల కొలిచే గేజి పెట్టకుండా వెలుతురుకేసి ఒకసారి చూసి పక్కన పెట్టేశాడు.

ఇప్పుడు నూనె తుడిచి గొట్టం కొసలో గేజి కడ్డీ నిలబెట్టాడు. పావు అంగుళం దగ్గర ఆగాల్సిన కడ్డీ అంగుళం పైగా జారింది. శుభ్రం చేసే తాడు ఏళ్ల తరబడి ఒకవైపే రాసుకుని, కొస కోలగా అరిగింది.

సాయంత్రం కోటిలింగం వచ్చాడు. ఉద్యోగం నుంచి సస్పెండయ్యాడు, గడ్డం మాసిపోయి ఉంది.

"గొట్టం అరిగిందా అన్నా?"

"అరిగింది. ఆ మనిషి నీకెంత దూరంలో ఉన్నాడురా?"

"ముప్పై గజాలు."

"ముప్పై గజాల్లో ఇది జానెడు తప్పుతుందేమో. తల మీదుగా కొట్టింది రొమ్ములోకి దిగదు."

కోటిలింగం తన దవడ చూపించాడు. రాళ్లు పడుతుంటే ఒకటి దవడకు తగిలిందనీ, ఎటు గురిపెట్టాడో తనకే తెలియదనీ చెప్పాడు.

"అరిగిందని మాత్రం రాయన్నా. మిగతాది ఎవరడుగుతారు?"

ఎవరూ అడగరని జక్రయ్యకూ తెలుసు. మర్నాడు ముప్పై గజాల దూరంలో గురి అట్ట పాతి ఐదు తూటాలు కాల్చి చూశాడు. ఒకటి అడ్డంగా తిరిగి తగిలింది. అయినా ఐదూ గురికి జానెడులోపే పడ్డాయి. రెండు రోజులు కాగితం ముట్టుకోలేదు. మూడో రోజు అరుగుదల ఎంతో రాశాడు, అట్ట మీద చూసింది రాశాడు, ఆర్నెల్ల కిందట తాను గేజి పెట్టలేదనీ రాశాడు.

జక్రయ్య ఉద్యోగం పోయింది. కోటిలింగానికి నాలుగేళ్లు శిక్షపడి రాజమండ్రి జైలుకు పంపారు. జక్రయ్య చూడటానికి వెళితే, అతను బయటికి రానని లోపల్నుంచి కబురు చేశాడు. తెచ్చిన గోంగూర పచ్చడి గేటు దగ్గర వార్డరుకిచ్చి, జక్రయ్య మధ్యాహ్నం రైలెక్కాడు.