అత్తయ్య కొట్టిన రిపోర్టులు

పరుపులు, దిండ్లు అమ్మే ఆ కంపెనీలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్న ఆవిడని షాపుల వాళ్లంతా పరుపులక్క అనే పిలుస్తారు. ఏ షాపాయనకి నడుం నొప్పి, ఎవరి గోడౌనులో తేమ, ఎవరి దగ్గరికి భోజనాల వేళకి వెళ్తే కసురుకుంటాడు, అన్నీ ఆమెకి నోటికొచ్చు. కాగితం, పెన్ను ముట్టకుండా ఊళ్లో సగం దుకాణాల్ని బుర్రలో పెట్టుకుని తిరిగేది.

అలాంటి మనిషి నెత్తిన యాప్ వచ్చి పడింది.

ఇకమీదట ఏ షాపుకి వెళ్లినా అక్కడ ఏం మాట్లాడారో, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో ఫోన్లో ఎక్కించాలని కంపెనీ చెప్పింది. ట్రైనింగుకి ఒకాయనొచ్చి మూడు గంటలు తెర మీద బొమ్మలు చూపించాడు. ఎక్కడ నొక్కాడో కనిపెట్టేలోపే బొమ్మ మారిపోయేది. చివర్లో కొత్త మేనేజరు లేచి, "అందరికీ... అర్థమైందా?" అనడిగాడు. ఆయన మాటకీ మాటకీ మధ్య ఒక బస్సు వెళ్లిపోయేంత ఖాళీ ఉంటుంది. అందుకే టీమంతా ఆయన్ని చాటుగా నెమ్మది సారు అంటారు.

పరుపులక్క చుట్టూ చూసింది. మిగతా నలుగురూ తన చేతికింద పని నేర్చుకున్నవాళ్లే. వాళ్ల ముందు "నాకు అర్థం కాలేదండీ" అనడానికి నోరు రాలేదు. అందరికంటే గట్టిగా తలూపింది.

ఇంటికొచ్చి ఫోన్ని బల్లమీద పడేసి ఏడుపు మొహం పెట్టింది. అత్తగారు కోర్టులో ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. "ఇలా తే" అని ఫోన్ లాక్కుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, పావుగంటలో దాని అంతు చూసింది. అది మొదలు రోజూ సాయంత్రం కోడలు టీ తాగుతూ చెప్పడం, అత్తగారు కొట్టడం. కొట్టడమంటే ఉన్నదున్నట్టు కాదు. ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?

"సదరు దుకాణదారు తొలుత సరుకు అక్కరలేదని చెప్పి, తదుపరి కుర్చీ చూపించి, ఆ పిమ్మట మెత్తటి దిండ్ల ధర విచారించెను. అతని మాటలు నమ్మదగినవిగా ఉన్నవి. మంగళవారం తిరిగి హాజరు కావలెను."

ఇంకోటి: "సదరు వ్యక్తి మూడు పర్యాయములు 'ఆలోచిస్తాను' అనెను. ఆలోచించు లక్షణములేవియు కనబడలేదు."

మిగతా నలుగురూ రాసేది "వెళ్లాను, ఓకే" అని. దాంతో రెండు వారాలు తిరిగేసరికి నెమ్మది సారు పరుపులక్కని పిలిపించాడు.

"మీ రిపోర్టులు చదువుతుంటే... షాపులో నేనే నిలబడినట్టుందండీ. శనివారం... అందరికీ మీరే క్లాసు చెప్పాలి."

తనకి రాదని చెప్పేద్దామనుకుంది. కానీ తల మాత్రం, అలవాటు ప్రకారం, ఊగింది.

శుక్రవారం సాయంత్రం అత్తగారు పాఠం మొదలెట్టింది. "ఇదిగో, ఇక్కడ షాపు పేరు. ఇక్కడ సంగతులు. కిందున్నది పచ్చ బటను. ఊరికే ఏదో ఒక దొంగ పేరు పెట్టి రాసి చూడు. పచ్చది మాత్రం నొక్కకు, అది అందరికీ పోతుంది."

"ఎక్కడత్తయ్యా?"

"కళ్లెదురుగా ఉంది కదే! నీకెవరిచ్చారమ్మా ఉద్యోగం?"

స్టవ్వు మీద పాలు పొంగిన వాసనొచ్చి అత్తగారు లోపలికి పరిగెత్తింది. పరుపులక్కకి ఒళ్లు మండింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, జీవితంలో మొదటి రిపోర్టు తనంతట తాను రాసింది. తర్వాత దాన్ని చెరిపేద్దామని, చేతికందిన బటను నొక్కింది.

అది పచ్చది.

శనివారం పొద్దున మీటింగు గదిలో నెమ్మది సారు తెర వెలిగించాడు. అన్నిటికంటే పైన ఇలా ఉంది:

"షాపు పేరు: అత్తయ్య అండ్ కో. ఈవిడతో బేరం కుదరదు. ఏం చూపించినా వంక పెడుతుంది. మళ్లీ వెళ్లాల్సిన తేదీ: తప్పేదేముంది, రోజూ."

గది పగిలిపోయేలా నవ్వు. ఒకడు కుర్చీలోంచి జారి కిందపడ్డాడు. పరుపులక్క ముఖం కందగడ్డయింది. ఇక దాచి లాభంలేదని లేచి నిలబడింది.

"నాకు ఈ యాప్ రాదు సార్. ఇన్నాళ్లూ కొట్టింది మా అత్తగారు. ఆ రోజు మీరడిగినప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది."

నవ్వులు ఆగిపోయాయి. నెమ్మది సారు చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే కాబట్టి కోపమొచ్చిందో లేదో ఎవరికీ తెలియలేదు.

"తప్పు నాదండీ," అన్నాడు చివరికి. "అర్థమైందా అని అడిగితే... ఎవరైనా అయిందనే అంటారు. ఒకసారి చేసి చూపించండి అనాల్సింది. నేను మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు... ఆర్నెల్లు ప్రింటరు వాడ్డం రాక... పక్క షాపులో తీయించుకొచ్చేవాణ్ణి." ఆగి, మిగతావాళ్ల వైపు చూశాడు. "ఇంకెవరికి రాదో... చెప్పండి."

మెల్లగా రెండు చేతులు లేచాయి. 'వెళ్లాను, ఓకే' వెనకున్న రహస్యం అది.

"మీ అత్తగారు... ఇవాళ ఖాళీయేనా?" అన్నాడాయన.

గంటలో ఆవిడ దిగింది, ఇస్త్రీ చీరలో, చేతిసంచితో. తెర మీది రిపోర్టు ఇంకా అలాగే ఉంది. నిలబడి మొత్తం చదివింది.

"ఆ అండ్ కో ఎవరే?"

"మీ అబ్బాయండీ," అంది కోడలు.

"మరి రాయొద్దూ? వివరాలు పూర్తిగా ఉండాలి," అని ఆవిడ సంచి బల్లమీద పెట్టి క్లాసు మొదలెట్టింది. అక్షరం తప్పు కొట్టినవాణ్ణి మళ్లీ మొదట్నుంచి కొట్టించింది. నెమ్మది సారు కూడా వెనక బెంచీలో కూర్చుని రెండుసార్లు చీవాట్లు తిన్నాడు.

ఆ తర్వాత పది రోజులు ఆయన పరుపులక్కతో పాటు షాపులు తిరిగాడు. షాపు బయటికొచ్చాక ఇద్దరూ నీడన నిలబడేవాళ్లు. ఆమె ఎంతసేపు తడుముకున్నా, ఆయన ఒక్కసారీ ఫోన్ తన చేతిలోకి తీసుకోలేదు. ఆ నెమ్మదితనం విలువ ఆమెకి అప్పుడు తెలిసింది. పదకొండో రోజున, "ఇక మీరు రావక్కర్లేదు సార్, మీరుంటే నాకు లేటవుతోంది," అంది. ఆయన నవ్వడానికి కూడా కొంచెం టైం తీసుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఆమెకి జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు టీములో చిన్నవాడు ఫోన్ చేశాడు. "అక్కా, మూల మీద పెద్ద షాపాయన రెండేళ్లుగా నన్ను గడప తొక్కనివ్వలేదు కదా! ఇవాళ నువ్వు ఎక్కించింది చదివి వెళ్లా. ముందు ఆయన నడుం సంగతి అడిగా. కూర్చోబెట్టి ఇరవై పరుపులకి ఆర్డరిచ్చాడు."

"మంచిదిరా," అంది. నిజంగానే సంతోషించింది. దాంతోపాటు కొంచెం కడుపుమంట కూడా. పదిహేడేళ్లు తన ఒక్కదాని బుర్రలో ఉన్నది, తను దుప్పటి కప్పుకుని పడుకుంటే ఎవడో చదివి పని కానిచ్చుకొచ్చాడు.

అత్తగారు మాత్ర, నీళ్లు తెచ్చి, "ఎవరు? ఏమంటున్నారు?" అంది.

"రేపు నేను డ్యూటీకి వెళ్తానత్తయ్యా."

"జ్వరం తగ్గందే కదిలేది లేదు," అని ఆవిడ ఫోన్ తీసి అల్మారాలో పెట్టి తాళం వేసింది.