ఆగిన చెయ్యి

కత్తెర పిడిలో బొటనవేలు దూర్చాడు టైలరు మాస్టరు. చెయ్యి మొదలెట్టింది. మణికట్టు దగ్గర పుట్టిన వణుకు వేళ్ళదాకా పాకి, కత్తెర టకటకలాడింది. జుట్టు నెరిసేదాకా ఈ బల్ల దగ్గరే కోటు గుడ్డలు కోసిన చెయ్యి అది. ఇప్పుడు ఎవరిదో తెచ్చి భుజానికి తగిలించినట్టుంది. ఆపుదామంటే ఆగదు. అసలు తనే కదుపుతున్నట్టు అతనికి తెలియదు.

డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించింది. "నరాలు చెడలేదండీ. చెయ్యిని కదిపేది మీ మెదడే గానీ, ఆ కబురు మీకు అందట్లేదు. ఇది జబ్బే, నటన కాదు. దాన్నే చూస్తూ కూర్చుంటే ముదురుతుంది, ధ్యాస మళ్ళితే తగ్గుతుంది," అంది. ఆ మాట దుకాణంలో చెబితే యజమాని పడీపడీ నవ్వాడు.

ఇవాళ ఆయనే సుద్దగీతలు గీసిన బూడిదరంగు గుడ్డ పరిచి, "ఇదొక్కటి చూస్తానయ్యా. వంకరపోయిందా, రేపట్నించి బల్ల ఇంకొకడిది. బాగా వచ్చిందా, నీదే," అని లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆ మాటకి చెయ్యి ఇంకా రెచ్చిపోయింది.

మూల కూర్చుని గుండీలు కుట్టే ఆవిడని అందరూ గుండీలక్క అంటారు. ఆవిడ దారం కొరికి, తలెత్తకుండానే అందుకుంది.

"ఏం తమ్ముడూ, నిన్న నా డబ్బాలో అరటిపండు మాయం చేసింది నువ్వేగా?"

"నేనా! నీ డబ్బా మూత తియ్యాలంటే గునపం కావాలి. నాకెక్కడిది?"

"అహా, నంగనాచి! తొక్క నీ బల్ల కిందే దొరికింది."

"ఎవడో తిని పడేస్తే నా నెత్తిన రుద్దుతావేంటక్కా?"

అరటిపండు ఊసు వట్టి సాకు. డాక్టరమ్మ మాట నమ్మింది దుకాణంలో ఆవిడొక్కతే. మాస్టరుకి కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. మాటకి మాట అంటిస్తుంటే కత్తెర సుద్దగీత వెంట కరకరా సాగిపోయింది. భుజం, చంక వంపు, కాలరు. గుడ్డ చివరికొచ్చాక గానీ చెయ్యి నిలిచిందని అతనికే తెలియలేదు. ఎంత సంతోషం వేసిందో!

గుమ్మంలో యజమాని నిలబడి ఉన్నాడు. వచ్చి, ముక్కలెత్తి వెలుతురుకి పట్టాడు. నూలుపోగంత తేడా లేదు.

"అంటే కావాలంటే ఆపగలవన్నమాట. ఇన్నాళ్ళూ నన్ను వెర్రివెంగళప్పని చేశావు కదయ్యా!"

"నేనాపలేదండీ. అదే ఆగింది."

"నీ చెయ్యి నీ మాట వినదు గానీ, ఆవిడ కబుర్లు వింటుందా?"

మాస్టరు తన చేతికేసి చూసుకున్నాడు. వణికినప్పుడు తను వణికించలేదు, ఆగినప్పుడు తను ఆపలేదు. కొంపదీసి నిజంగానే నటిస్తున్నానా అన్న అనుమానం అతనికే వచ్చింది.

"బాగా వస్తే బల్ల అతనిదే అన్నారు కదండీ!" గుండీలక్క లేచి నిలబడింది.

"దొంగ వేషాలకి నేను మాటివ్వలేదమ్మా," అన్నాడు యజమాని.

మాస్టరు మళ్ళీ వణకడం మొదలెట్టిన చేతిని జేబులో కుక్కుకుని, చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు. గుండీలక్క పిలిచింది. అతను వెనక్కి తిరగలేదు.

బల్లమీద, తీరుగా తెగిన బూడిదరంగు ముక్కల పక్కన, కత్తెర నోరు తెరుచుకుని ఉంది. బొటనవేలు ఒరుసుకోకుండా పిడికి అతను చుట్టుకున్న గుడ్డపీలిక చెమటకి తడిసింది, ఇంకా ఆరలేదు.