మా అక్క సంతకం

లక్ష సంతకాలు కుప్ప పోసి, నా కళ్ళకు గంతలు కట్టి, అందులో మా అక్కది ఏదో తీసిమ్మంటే వేలితో తడిమి తీసిస్తాను. ఇది గొప్ప కాదు, ఉన్న మాట. ఒకసారి చెదలు సగం తినేసిన కాగితం మీద మిగిలిన తోక ముక్క చూసి, ఇది అక్కదేనని, పెట్టేటప్పుడు ఆవిడకి జలుబు చేసి ఉందని కూడా చెప్పాను. ఎలా చెప్పగలవయ్యా అంటారా? ఆ సంతకం ఆవిడకి నేర్పింది నేనే కదా. మా ఊరి బడిలో ఐదు తరగతులుండేవి. ఐదూ నాకిచ్చి, అక్కకి ఇంటి చాకిరీ ఇచ్చారు. సాయంత్రాలు నా పలక ఆవిడ ఒళ్ళో పెట్టి, చెయ్యి పట్టుకుని, పేరులోని మూడక్షరాలూ దిద్దించాను. చివరి అక్షరం తోక కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, కొక్కెంలా ఆగుతుంది. దీనికి లాంతరు తగిలించుకోవచ్చు అక్కా అని ఏడిపించింది కూడా నేనే.

అయితే ఈ కథ అక్కది కాదు, అక్క కూతురిది. ఇద్దరు కొడుకుల తర్వాత పుట్టింది. ఏం చెప్పినా "సరేలే" అంటుందని, ఇంట్లో దాని పేరే సరేలే అయిపోయింది. బావ పోయాక అక్కని ఎవరు చూసుకోవాలనే మాట వచ్చినప్పుడు, పెద్దోడి ఇంటికి మెట్లు అడ్డమొచ్చాయి. చిన్నోడి ఇంట్లో కుక్క ఉంది, కుక్కకో గది ఉంది, ఇంకో గది లేదు. అందరూ కూతురి వైపు తిరిగి చూశారు. నా మేనకోడలు సరేలే అంది. అలా అక్క ఒక పెట్టెతో, బావ పింఛను కాగితాలతో, కూతురి ఇంటి వెనక గదిలోకి వచ్చింది. పదకొండేళ్ళుంది.

ఆ పదకొండేళ్ళ పొద్దుటిపూటలన్నీ ఒకటే. ఐదింటికి లేచి అమ్మని ఒత్తిగిలించాలి, పక్క దుప్పటి మార్చాలి, తడిసింది నానబెట్టాలి, వంట చెయ్యాలి, మొగుడికీ పిల్లలకీ డబ్బాలు సర్దాలి, అమ్మకి మెత్తగా కలిపి తినిపించాలి, దుప్పటి ఉతికి ఆరెయ్యాలి, తొమ్మిదిన్నరకి కళ్ళజోళ్ళ దుకాణంలో ఉండాలి. అక్కడ అద్దాలు తుడవడం, ఫ్రేములు సర్దడం, వచ్చినవాళ్ళ ముందు చేతి అద్దం పట్టుకోవడం పని. "మా అమ్మాయి చెయ్యి పడితే అద్దం మీద మరకన్నది ఉండదు" అని యజమాని అందరికీ చెప్పేవాడు. జీతం మాత్రం పెంచేవాడు కాదు. మొగుడు మంచివాడే. "మీ అమ్మ ఇన్నేళ్ళుగా ఇక్కడుంటే నేనేమైనా అన్నానా?" అని నెలకోసారి అనేవాడు, ఏమీ అనకపోవడం కూడా పదిమంది చేసే పనంత పెద్దదైనట్టు. అన్నలు ఫోన్లు చేసేవారు. అమ్మ తిన్నదా, మందులేసుకుందా అని అడిగి, పెట్టేసేముందు గొంతు తగ్గించి, పింఛను పడుతోందా అనేవారు.

మూడో ఏడు అక్కకి చెయ్యి వణకడం మొదలైంది. నెలకోసారి తల్లీకూతుళ్ళు ఆటోలో బ్యాంకుకి వెళ్ళేవాళ్ళు. ఆ రోజు కౌంటరులో కుర్రగుమాస్తా ఫారం వెనక్కి తోశాడు, సంతకం కలవడం లేదండీ అని. ఇంకోటి పెట్టింది. అదీ తోశాడు. మూడోదానికి వెనక వరసలో ఎవరో, ముసలమ్మని ఇంట్లో కూర్చోబెట్టుకోవచ్చుగా అన్నారు. అక్క ఆ మూడు ఫారాలూ నాలుగేసి మడతలు పెట్టి రవికలో దాచుకుంది. ఇంటికొచ్చాక, మంచం మీద కూర్చుని, ఇకమీదట నా బదులు నువ్వు పెట్టెయ్ అంది. తప్పు కదమ్మా అంటే, నా పేరు, నా డబ్బు, నా కూతురి చెయ్యి, ఇందులో తప్పెక్కడుంది చూపించు అంది.

సరేలే అంది నా మేనకోడలు. మధ్యాహ్నాలు దుకాణంలో ఎవరూ లేనప్పుడు, ఫ్రేములొచ్చిన అట్టపెట్టెల లోపలివైపు రాసి రాసి నేర్చుకుంది. తనకంటూ సంతకం ఉందా అంటే, పదో తరగతి పరీక్షలో పెట్టిందే ఆఖరు. తర్వాత పిల్లల మార్కుల కార్డుల మీద మొగుడు పెట్టాడు, సరుకొచ్చినప్పుడు యజమాని పెట్టాడు, జీతం చేతిలో పెట్టేవాళ్ళకి సంతకం అక్కర్లేదు. ఖాళీగా ఉన్న చెయ్యి కదా, తొందరగా పట్టుబడింది. కొక్కెం ఒక్కటే కుదిరేది కాదు. కుదిరిన నెల బ్యాంకుకి వెళ్తే, గుమాస్తా ఫారం చూసి, బెంచీ మీద కూర్చున్న అక్కతో, ఈసారి బాగా పెట్టారండీ అన్నాడు. అక్క తలూపింది.  ఇంటికొచ్చి గుమ్మం ఎక్కేటప్పుడు, కూతురి భుజం పట్టుకుని, నవ్వుతూ ఒక మాట అంది.

"ఇంక నేను పోయినా నీ చేతిలో ఉంటానే."

నవ్వుతూ అన్నా, ఆ మాటకి తన వేళ్ళ కొసలు చల్లబడ్డాయని నా మేనకోడలు చాలాకాలం తర్వాత నాతో చెప్పింది.

ఎనిమిదేళ్ళు ఎవరికీ తెలియలేదు. అక్కకి రెండోసారి ఆయాసం వచ్చినప్పుడు, చూడ్డానికొచ్చిన పెద్దోడు అమ్మ మంచినీళ్ళ చెంబు పక్కనున్న పాస్‌బుక్ తీసి చూశాడు. ఇంత తీశారేంటి అన్నాడు. మందులు, ఆటోలు, డాక్టరు, పక్కలో వేసే పట్టాలు అని చెల్లెలు చెప్పింది. లెక్క రాశావా అన్నాడు. ఒత్తిగిలించిన ప్రతిసారీ రాసుకోవాలని ఆమెకి తట్టలేదు. మర్నాడు చెల్లెలు దుకాణంలో ఉన్న సమయం చూసి, అన్నదమ్ములిద్దరూ అమ్మని కార్లో బ్యాంకుకి తీసుకెళ్ళారు, ఖాతాలో తమ పేర్లు కూడా ఎక్కిద్దామని. సాక్షికి నేను కావాలట. అక్క సంతకం గురించి నేను ఊరంతా చెప్పుకునేది వాళ్ళూ చిన్నప్పట్నించి విన్నవాళ్ళే కదా.

మేనేజరు గదిలో అక్క తన చేత్తో తనే సంతకం పెట్టింది. కలవలేదు. మేనేజరు పాత ఫారాలు తెప్పించి, బయట కూర్చున్న నన్ను లోపలికి పిలిచాడు. అక్క అప్పుడే పెట్టిందొకటి, పాతదొకటి, పేర్లు చెప్పకుండా బల్ల మీద పక్కపక్కన పెట్టి, మీ అక్కగారిది ఏదండీ అన్నాడు. నేను కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. పెట్టుకోవడం నాకు అవమానం. పాతదాని మీద వేలు వేసి, ఇదీ మా అక్కది, ఆ రెండోది ఎవరో దొంగవెధవ పెట్టింది అన్నాను.

పక్కనే అక్క కూర్చుని ఉంది.

లక్షలో తీసిస్తానన్నవాణ్ణి రెండింటిలో తీయలేకపోయాను. మర్నాడే కళ్ళు చూపించుకున్నాను. కళ్ళు బాగానే ఉన్నాయట. అక్క నన్ను తిట్టలేదు. నా వేలు వంకే చూసింది, పరాయి వస్తువుని చూసినట్టు. పెద్దోడు లేచి నిలబడి, అంటే ఇన్నేళ్ళూ చెల్లెలు దొంగ సంతకాలు పెట్టి లాగిందన్నమాట అన్నాడు. నేనే పెట్టమన్నానురా అంది అక్క. నీకు తెలియదులే అమ్మా, ఊరుకో అన్నాడు చిన్నోడు. మేనేజరుకి తన గుమాస్తాల భయం ఉంది. ఎనిమిదేళ్ళు కళ్ళు మూసుకుని డబ్బిచ్చినవాళ్ళు వాళ్ళే మరి. గొడవెందుకు, అమ్మగారికి ఇకమీదట వేలిముద్ర పెట్టేద్దాం అన్నాడు. సిరా డబ్బా తెచ్చారు. చిన్నోడు అమ్మ బొటనవేలు పట్టుకుని నొక్కాడు. అక్క ఆ నల్లటి వేలిని కొంగుకి తుడుచుకోలేదు. ఇంటిదాకా గాల్లోనే ఎత్తి పట్టుకుని వచ్చింది.

మళ్ళీ పెన్ను ముట్టుకోలేదు. ఆరు వారాలకి పోయింది.

వెనక గది ఖాళీ అయింది. కానీ పొద్దున్నే ఐదింటికి నా మేనకోడలి చేతులు ఆమె కంటే ముందు లేచేవి. లేచి వెళ్ళి, ఉత్త పరుపు మీద దుప్పటి అంచు పట్టుకుని, లేని మనిషిని ఒత్తిగిలించబోయి ఆగేవి. దుకాణంలో అద్దం మీద ఊదితే ఆవిరి పట్టేది, గుడ్డ అందుకునేలోపు చూపుడువేలు దానంతట అది కదిలేది. ఒకావిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని, ఏదో గీత పడిందమ్మా, కొక్కెంలా ఉంది అని తీసిచ్చింది. యజమాని అందరిముందూ అరిచాడు. ఆ అద్దాన్ని తుడుస్తూ ఆమె అనుకుంది: డబ్బు తీయలేదు అన్నయ్యా, ఒట్టు, కానీ ఏదో తీశాను. కొక్కెం నాకు కుదిరిన రోజునే అమ్మకి సంతకం పోయిందా? అమ్మ పెట్టింది కాక నేను పెట్టింది అమ్మదైతే, ఆ బెంచీ మీద అన్నాళ్ళు కూర్చున్నదెవరు? చేతిలో ఉంటానంది. ఉంటే ఉండనీ. కానీ నేనెక్కడున్నాను? ఈ చేత్తో నేను చేసినవన్నీ ఎవరి పేరు మీద పోయాయి? పొద్దున్నే ఉతికిన దుప్పట్ల మీద సంతకం ఉండదు. ఉండుంటే, అన్నయ్యకి చూపించేదాన్ని.

నెల తిరక్కుండానే అన్నలు కబురు పెట్టారు. బావ కట్టిన ఇల్లు, బ్యాంకులో ఉన్న డిపాజిట్టు, రెంటిలో మూడోవంతు ఆమెది. ఆ మూడోవంతు వదులుకుంటున్నట్టు కాగితం రాసిస్తే, సంతకాల సంగతి ఇంట్లోనే ఉండిపోతుంది, లేకపోతే పోలీసుల దాకా పోతుంది అన్నారు. మొగుడు ఒకరోజు, మనం దొంగలం కాదు, వాటా తీసుకుని మేడ మీద గది వేసుకుందాం అన్నాడు. ఇంకోరోజు, పరువు పోతే గది ఎందుకు, సంతకం పెట్టేసి వదిలించుకో అన్నాడు. నువ్వేం చేద్దామనుకుంటున్నావని మాత్రం అడగలేదు. నన్ను సాక్షిగా రమ్మన్నారు. ఈసారి గుర్తుపట్టే పనేమీ లేదులే మామయ్యా అని చిన్నోడు నవ్వాడు కూడా.

దస్తావేజులు రాసే ఆయన గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కాగితాల మీద బరువుకి పెట్టిన తాళంకప్ప. ఆయన మొత్తం చదివి వినిపించి, అభ్యంతరం లేదు కదమ్మా అన్నాడు. అన్నలిద్దరూ ఆమె సరేలే అనడం కోసం చూస్తున్నారు. ఆమె పెన్ను తీసుకుంది. పెట్టింది. ఆయన కాగితం తిప్పి చూసి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఇదెవరి పేరమ్మా?"

ఆమె కూడా వంగి చూసింది. మూడక్షరాలు, చివర కొక్కెం.

"మా అమ్మది" అంది.

మీది పెట్టాలి అని ఆయన ఇంకో ప్రతి ఇచ్చాడు. మళ్ళీ అదే వచ్చింది.  ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని మూడోదాని మీద పెన్ను ఆనించింది. బ్యాంకులో అక్క మూడు ఫారాల మీద సంతకం పెట్టినా కలవలేదని విన్న సంగతి నాకు గుర్తొచ్చింది. మూడోదాని మీదా అక్కే వచ్చింది. పెద్దోడు కుర్చీ వెనక్కి జరిపి, నాటకాలాడకే, పోనీ వేలిముద్ర వెయ్యి అన్నాడు.

ఆ మాటతో ఆమె భయం ఎటు పోయిందో నాకు తెలియదు. పెన్నుకి మూత పెట్టింది. మూడు కాగితాలూ తన వైపు లాక్కుని, నాలుగేసి మడతలు పెట్టి, సంచిలో వేసుకుంది.

"వేలిముద్ర వెయ్యను అన్నయ్యా. నా సంతకం నేను నేర్చుకుని వస్తాను. వచ్చాక, వదులుకోవాలో వద్దో అప్పుడు చెప్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు చిన్నోడు, వెటకారంగా.

"తెలియదు. అమ్మది నేర్చుకుని, నాది మర్చిపోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పోలీసులు రాలేదు. ఇల్లు ఇంకా ముగ్గురి పేరు మీదే ఉంది. దుకాణంలో అట్టపెట్టెల లోపల ఇప్పుడు కొత్త పేరు కనపడుతుంది, వంకరటింకరగా, రోజుకో రకంగా. మొన్న నా కళ్ళజోడు బిగించుకోవడానికి వెళ్తే చూశాను. దేనికీ కొక్కెం లేదు. ఆమె చెయ్యి ఇంకా రాత్రికీ పగటికీ మధ్య ఐదింటికి లేస్తుందట. లేవనీ, అది అలవాటు మామయ్యా అంది.

ఇందులో చాలా వరకు నిజమే. ఆవిరి పట్టిన అద్దం మీద గీత కూడా నిజమే, నేను చూశాను. చెదల కాగితం అబద్ధమని మీకు ముందే తెలుసు. నేను కల్పించి అతికించింది ఇంకొకటుంది. అక్కకి సంతకం నేను నేర్పలేదు. నేర్పరా అని అడిగింది. నీకెందుకే అని ఆడుకోవడానికి పోయాను. నా వెనక నిలబడి, నా పలక చూసి, తనంతట తనే నేర్చుకుంది. ఆ కొక్కెం ఆవిడ సొంతం. చూడ్డానికి బాగుందని నేను తీసుకుని నా పేరు చివర పెట్టుకున్నాను. అరవై ఏళ్ళుగా నేను అమ్మినదానికీ, కొన్నదానికీ, సాక్షి పెట్టినదానికీ అదే సంతకం. నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ దొంగ అనలేదు.